ఏ అంతస్తులో ఉన్నావు

ఇల్లు,
ఆదివారం

కత్తెరా,

మీ అక్క పోయింది. మంగళవారం సాయంత్రం నాలుగుంపావుకి. ఈ మాట నీకు చెప్పడానికి ఐదు రోజులు ఆగాను. ఆగమన్నది నీ వార్డు డాక్టరు. ఇప్పుడు నువ్వు చదవగలవని, చదివింది నీకు గుర్తుంటుందని ఇవాళ నర్సు చెప్పింది. ఎదురుగా నిలబడి చెప్పవలసిన మాట. నావల్ల కాలేదు. నువ్వు చదువుతున్నంతసేపూ పక్కన కూర్చుంటానని నర్సు మాట ఇచ్చింది.

ఆ రోజు జరిగింది రాస్తాను.

ఆరింటికి లేచింది. తడిగుడ్డతో మొహం తుడిచాను. కిటికీ తెర తీయమంది. ఎదురు భవనానికి ఇద్దరు రంగులు వేస్తున్నారు. కాసేపు చూసి, "పైనున్నతను బాగా వేస్తున్నాడు, కిందతను కబుర్లపోగు" అంది. తొమ్మిదికి డాక్టరు వచ్చాడు. గుండె ఇంక ఎంతోసేపు లాగదని గది బయట నాతో చెప్పాడు. నేను లోపలికి వెళ్ళేసరికి, "ఏమన్నాడో చెప్పక్కర్లేదులెండి, మీ మొహం చెబుతోంది" అంది. పదింటికి నీ సంగతి అడిగింది. రెండు అంతస్తుల కింద పడుకుని ఉన్నావని చెప్పాను. "వణుకు తగ్గిందా?" అంది. తగ్గిందన్నాను. తరవాత ఎక్కువ మాట్లాడలేదు. మూడింటికి నా చెయ్యి పట్టుకుంది. నాలుగుంపావుకి వదిలేసింది.

నీ సంగతి కూడా నీకు పూర్తిగా తెలిసి ఉండదు. అక్క ముందుకు వాసన లేకుండా రావాలని నువ్వు ఒక్కసారిగా తాగుడు మానేశావు. రెండో రోజున ఆసుపత్రికి వచ్చి, లిఫ్టు ముందే ఫిట్సుతో పడిపోయావు. పదిహేనేళ్ళు రోజూ తాగిన మనిషి ఇంట్లో తనంతట తాను హఠాత్తుగా మానడం ప్రాణం మీదికి వస్తుందని, ఆ పని వార్డులో మందులతో, చూసేవాళ్ళ మధ్య జరగాలని డాక్టరు చెప్పాడు. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే. మనకీ ముక్క తెలియదు.

వార్డు పని నీ ఒంటిని ఈ గండం దాటించడం వరకేనట. అసలు వైద్యం ఇకమీదట. రెండు నెలలు ఉండి చేయించుకునే కేంద్రం ఒకటి ఉంది. చేరే కాగితం ఈ ఉత్తరంతో పెట్టాను. సంతకం నువ్వే పెట్టాలి. నేను పెడితే చెల్లదట.

మీ బావ


వార్డు,
మంగళవారం

బావా,

అక్షరాలు చూసి నవ్వకు. పెన్ను ఒకవైపు పోతోంది, నేనొకవైపు పోతున్నాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నర్సమ్మ పక్కనే కూర్చుంది. ఏడవమంది. ఏడుపు రాలేదు. ఆవిడ వెళ్ళాక వచ్చింది.

అక్క పైన, నేను కింద. రెండు అంతస్తులు, బావా! లిఫ్టులో అరనిమిషం. పడిపోయిన దగ్గర్నుంచి శుక్రవారం దాకా నాకేమీ గుర్తులేదు, మంగళవారం సాయంత్రం నుంచి గోడమీద చీమలతో మాట్లాడానట. కానీ మంగళవారం పొద్దున బాగానే ఉన్నానట కదా? సూపు నా చేత్తో నేనే తాగానని చార్టులో రాసుంది. నర్సమ్మ చూపించింది. మరి ఒక్కసారి పైకి తీసుకెళ్ళాలని ఎవరికీ తోచలేదా? నన్ను చూడాలని అక్క అడగలేదా?

సంతకం పెట్టాను. వంకరగా వచ్చింది. అయినా నాదే.

నీ బావమరిది


ఇల్లు,
శుక్రవారం

కత్తెరా,

సంతకం చూశాను. చెల్లింది.

ఆ మంగళవారం నువ్వు లేచే స్థితిలో లేవు. అంతే.

కేంద్రంలో నిన్ను దింపి వచ్చేటప్పుడు అక్కడి కౌన్సెలర్ గారితో అరగంట మాట్లాడాను. ఈ వైద్యానికి ఎన్ని మెట్లుంటాయో అడిగి రాసుకుని, ఇంటికి వచ్చి పటం గీశాను. మూడు ముక్కలు మాట్లాడాలంటే మూడు గీతలు గీసే మనిషినని మీ అక్క అనేది.

అయిదంతస్తుల భవనం గీశాను. పైన ఆసుపత్రి వార్డు, రాత్రింబవళ్ళు డాక్టరు, నర్సు. దాని కింద నువ్విప్పుడు ఉన్న కేంద్రం, అక్కడే తిండి, అక్కడే పడక, గేటు దాటేది లేదు. మూడో అంతస్తు పగటి కేంద్రం, వారానికి అయిదు రోజులు, పొద్దున వెళ్ళి మధ్యాహ్నం దాకా ఉండి రావడం. రెండోది వారానికి మూడు సాయంత్రాలు, పగలు పనికి పోవచ్చు. మొదటిది వారానికి ఒక గంట. దాని కింద వీధి. వంటింటి తలుపు మీద అంటించాను. నువ్వు ఒక్కో అంతస్తు దిగినప్పుడల్లా తారీఖు వేసి సంతకం చేస్తాను.

అందరూ ఒకే అంతస్తులో ఎక్కరని, అన్నీ అందరికీ అక్కర్లేదని కూడా ఆవిడ చెప్పింది. అది పటంలో గీయడం కుదరలేదు.

మీ బావ


కేంద్రం, తోటవైపు గది,
ఇరవై ఆరో రోజు

లిఫ్టుల ఇన్‌స్పెక్టరు బావకి,

ఫోను ఇవ్వరు కాబట్టి బతికిపోయాను. ఫోన్లో నువ్వు "ఊఁ" తప్ప ఇంకోటి అనవు. కాగితం మీద నీకు అప్పుడప్పుడూ వాక్యాలు వస్తాయి.

ఇక్కడ ఆరింటికి గంట కొడతారు. పక్కలు మనమే సర్దుకోవాలి, గిన్నెలు మనమే తోమాలి. పదింటికి అందరం గుండ్రంగా కూర్చుంటాం. మొదటి వారం నోరు విప్పలేదు. నా గదిలో ఒక మాస్టారున్నాడు, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాడు. "ఏమయ్యా, మాట్లాడ్డానికి ముహూర్తం పెట్టించమంటావా?" అని అందరిముందూ అన్నాడు. కోపంతో మొదలుపెట్టి, అరగంట ఆపలేదు. చివర్లో మాస్టారే, "సరే, ఇంక మాకూ కాస్త మిగుల్చు" అన్నాడు.

అసలు సంగతి. నేను కటింగ్ మాస్టర్నని తెలిసి భోజనాల గదికి తెరలు కుట్టమన్నారు. కత్తెర బీరువాలో ఉంటుంది, సంతకం పెట్టి తీసుకోవాలి, సంతకం పెట్టి ఇచ్చేయాలి. చాచిన గుడ్డమీద సుద్దతో గీత గీశాను. కత్తెర పెట్టాను. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, బావా, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా గీత తప్పకుండా వచ్చింది. ఇన్నేళ్ళూ పొద్దున ఒక గుక్క పడితేగానీ చెయ్యి నిలిచేది కాదు. ఆ చెయ్యి ఉత్తినే నిలిచింది. వంటామె చూసి "ఏంటయ్యా, గుడ్డ కత్తిరించి ఏడుస్తున్నావు?" అంది. కళ్ళు తుడుచుకుని రెండో తెర గుడ్డ పరిచాను.

అక్క చూసుంటే ఊరంతా చెప్పేది.

ఆఖరి రోజు గురించి ఇంకా ఏమైనా ఉంటే రాయి. చిన్నదైనా సరే.

నీ బావమరిది


ఇల్లు,
గురువారం

కత్తెరా,

తెరల సంగతి రెండుసార్లు చదివాను. తరవాత మీ అక్క కుర్చీ దగ్గర కూర్చుని పైకి చదివాను. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఇలాంటివి చేయవచ్చు.

నేను బాగానే ఉన్నాను. తొమ్మిదికి ఆఫీసు. ఈ వారం పదకొండు లిఫ్టులు చూశాను. ఇంటికొచ్చి వండుకుంటున్నాను. ఇద్దరికి సరిపడా వండేస్తున్నాను. చెయ్యికి కొలత ఇంకా తెలియలేదు.

ఆ రోజు గురించి రాసినదే. అంతకుమించి లేదు.

మీ బావ


కలిసి ఉండే ఇల్లు, మేడమీద గది,
శనివారం

బావా,

నీ పటం ముందు నిలబడి చదువు ఈ ఉత్తరం.

రెండు నెలలు కేంద్రం అయింది. అయిదు వారాలు పగటి కేంద్రం కూడా అయింది. ఈ సోమవారం నుంచి మూడు సాయంత్రాలకి మార్చారు. అంటే రెండో అంతస్తు! తారీఖు వెయ్యి. సంతకం బాగా పెట్టు, ఆఫీసు కాగితాల మీద గీకినట్టు కాదు.

ఈ ఇంట్లో ఆరుగురం. అందరం మానేసినవాళ్ళమే. ఎవరైనా తాగి వస్తే ఆ పూటే బయటికి. కాపలావాడు ఎవరూ లేరు, ఒకరికొకరం కాపలా. మాస్టారు కూడా ఇక్కడే చేరాడు. చీపురు వంతులకి పట్టిక వేశాడు. మీరిద్దరూ కలిస్తే ప్రపంచం గళ్ళకాగితం అయిపోతుంది.

పని దొరికింది. ఇదివరకటి దుస్తుల కార్ఖానాలోనే. ఓనరమ్మ గుమ్మంలోనే ఆపి, "చేతులు చాపు" అంది. చాపాను. అటూ ఇటూ చూసింది. "ఈ చేతులు నాకు తెలుసు, మధ్యలో ఎక్కడికో పోయినట్టున్నాయి" అని కటింగ్ బల్ల దగ్గరికి పంపేసింది. నలభై మడతల గుడ్డ, బావా! ఒక్కటి పక్కకి జరగలేదు.

ఒకటే మిగిలింది. సాయంత్రం గ్రూపులో చెప్పాను, నీకూ చెబుతాను. ఆఖరి రోజు అక్క నన్ను రమ్మనలేదంటే కారణం నాకు అర్థమైంది. ఆ అవతారంలో నన్ను చూడాలనుకోలేదు. తప్పు ఆవిడది కాదు. నేనైనా చూడాలనుకోను. ఆ మాట మింగడం నేర్చుకుంటున్నాను.

నీ బావమరిది


ఇల్లు,
సోమవారం

కత్తెరా,

ఆ మాట మింగకు. అది అబద్ధం. నాది.

ఆమె అడిగింది. పదింటికి. "వాణ్ణి ఒకసారి పైకి తెస్తారా?" అంది. నేను కిందికి వచ్చి నీ వార్డు డాక్టరును అడిగాను. నర్సు తోడుగా, చక్రాల కుర్చీలో, పది నిమిషాలు తీసుకెళ్ళవచ్చన్నాడు. నువ్వు తలుపు లోపల మంచం మీద కూర్చుని సూపు తాగుతున్నావు. గిన్నె రెండు చేతులతో పట్టుకున్నావు. సగం చొక్కా మీద ఒలికింది. నేను తలుపు అద్దంలోంచి చూశాను. డాక్టరుకు వద్దని చెప్పాను. పైకి వెళ్ళి నువ్వు నిద్రపోతున్నావని ఆమెతో చెప్పాను.

ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. నాకు నీమీద కోపం ఉంది. పదేళ్ళుగా ఉంది. ఆమెకు రావలసిన నిద్ర నువ్వు తిన్నావని. ఆ రోజు ఆ కోపమే నాచేత వద్దనిపించింది. అది తరవాత తెలిసింది.

ఇంతకాలం రాయలేదు. నువ్వు దిగుతున్నావు కదా, కుదుపు ఎందుకని. అదీ సాకే.

మీ బావ


పగటి కేంద్రం,
బుధవారం

బావా,

ఉత్తరం అందింది. నేను మళ్ళీ పగటి కేంద్రానికి వచ్చాను. పనికి సెలవు పెట్టాను. ఇప్పుడు ఇంతే రాయగలను.


ఇల్లు,
శుక్రవారం

కత్తెరా,

రెండో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి పంపారన్నమాట. తారీఖు కొట్టేశాను. పటం కింద "లోపం: నాది" అని రాశాను. మూడున్నర నెలల పని ఒక్క ఉత్తరంతో పాడుచేశాను. అబద్ధాన్ని ఇంకో ఆరు నెలలు మోసి ఉండవలసింది.

తాగావా? ఉన్నదున్నట్టు రాయి. ఎంత తాగినా సరే. నేను కోప్పడను.

మీ బావ


కలిసి ఉండే ఇల్లు,
ఆదివారం

బావా,

"పంపారన్నమాట" అని రాశావు. ఆ ఒక్క ముక్కకి నాకు ఒళ్ళు మండింది. ఎవరూ పంపలేదు. కూర్చో, చెబుతాను.

నీ ఉత్తరం భోజనాల వేళ కార్ఖానాలో చదివాను. మడిచి జేబులో పెట్టుకుని, కత్తెర బల్లమీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచాను. కాళ్ళకి దారి తెలుసు. మందు షాపు ముందు వరసలో నిలబడ్డాను. నా ముందు ముగ్గురు. ఒకడు వెళ్ళాడు. ఇంకొకడు వెళ్ళాడు. నా ముందున్నాయన రెండు చేతులూ చాపి సీసా అందుకున్నాడు. రెండు చేతులూ, బావా. ఒంటిచేత్తో నిలవదని ఆయనకీ తెలుసు. అద్దంలోంచి నువ్వు చూసింది నాకు కనబడింది.

వరసలోంచి బయటికి వచ్చేశాను. వెనకాలవాడు "ఏం బాబూ, మనసు మారిందా?" అని నవ్వాడు. మారలేదు. అప్పటికీ తాగాలనే ఉంది. అదే నన్ను భయపెట్టింది. ఆ రోజు నా సాయంత్రం క్లాసు లేదు. తరవాతి క్లాసు రెండు రోజులకి. ఆ రెండు రోజులు నేను దాటలేనని లెక్క వేసుకున్నాను. నడిచి కేంద్రానికి వెళ్ళి కౌన్సెలర్ గారి తలుపు కొట్టాను. "నాకు మూడు సాయంత్రాలు చాలవు, రోజూ కావాలి" అన్నాను. ఆవిడ నన్ను అడిగినవి రెండే. "తాగారా?" లేదన్నాను. "ఎవరు పంపారు?" నేనే వచ్చానన్నాను. పేపరు తీసుకుని, "రేపు తొమ్మిదింటికి రండి. చాలామంది మూడోసారి పడ్డాక చేసే పని మీరు పడకముందే చేశారు" అంది.

నీ పటం తప్పు బావా. కింద ఉన్నవాడు గొప్ప, పైన ఉన్నవాడు ఫెయిలు అని గీశావు. ఇది బడి కాదు. ఎవరికి ఆ వారం ఎంత ఆసరా కావాలో అంత. జ్వరం పెరిగితే మందు పెంచరా? నాకు పెరిగింది, పెంచుకున్నాను. ఓనరమ్మకి నిజం చెప్పేశాను. "బల్ల ఎక్కడికీ పోదు, నువ్వు పోకు" అంది. ఇంట్లో మాస్టారు నా వంతు చీపురు తను పట్టాడు. పట్టికలో మాత్రం ఎర్రసిరాతో రాసుకున్నాడు.

నీ మీద కోపం ఉంది. పోయిందని చెప్పను. కానీ అక్క అడిగింది. పైకి తెమ్మంది. ఆ మాట నాది, ఇంక ఎవరూ తీసుకోలేరు. ఆరు నెలలు మోయవలసింది అని రాశావే, అది మాత్రం మళ్ళీ అనకు.

మంగళవారాలు పొద్దున తొమ్మిదింటికి పగటి కేంద్రంలో కుటుంబాల పూట. ఒక్కొక్కరి పక్కన ఒక కుర్చీ వేస్తారు. నా పక్కది ఖాళీ. మొన్న మాస్టారు జాలిపడి అందులో తన సంచీ పెట్టాడు.

నీ బావమరిది


ఆఫీసు,
సోమవారం, మధ్యాహ్నం

కత్తెరా,

నీ ఉత్తరం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే అందింది. తనిఖీకి వెళ్ళిన చోట లిఫ్టు గదిలో నిలబడి చదివాను.

అయిదంతస్తుల ఆఫీసు భవనం అది. మేనేజరు గుమ్మంలోనే ఎదురొచ్చి, "లిఫ్టు చెడిపోయింది సార్, మూడుకీ రెండుకీ మధ్య ఆగిపోయింది, పనికిరాదని రాసేయండి, కొత్తది పెట్టించుకుంటాం" అన్నాడు. చూశాను. పైన బ్రేకు అరిగింది. పెట్టె దిగవలసిన వేగం కన్నా ఎక్కువ వేగంతో దిగింది. వేగం మించగానే పెట్టె అడుగునున్న ఇనప దవడలు రెండువైపులా పట్టాలను కరిచి పట్టుకున్నాయి. లోపల నలుగురున్నారు. ఎవరికీ గీత పడలేదు.

మేనేజరుకు చెప్పాను. చెడిపోయింది బ్రేకు. దాన్ని మార్చండి. లిఫ్టు మాత్రం తన పని తాను చేసింది. ఆగవలసిన చోట ఆగింది.

ఈ ఉద్యోగంలో ఇరవై ఆరేళ్ళుగా ఉన్నాను. ఆగిన లిఫ్టుకు మంచి మార్కులు వేయడమే నా పని. నీ విషయంలో అది తోచలేదు. నువ్వు నాకు చెప్పవలసి వచ్చింది. వంటింటి తలుపు మీది పటం ఇంటికి వెళ్ళగానే తీసేస్తాను. వేరే గీయను.

ఒక మాట రాస్తాను. నేను ఇలాంటివి రాయను, నీకు తెలుసు. వరసలో నీ వంతు రాబోతుండగా బయటికి వచ్చావు. అప్పటికీ తాగాలనే ఉందని ఒప్పుకున్నావు. తలుపు కొట్టి ఎక్కువ కావాలని అడిగావు. నేను చదువుకున్నవాణ్ణి, తాగనివాణ్ణి. మీ అక్క పోయిన నాటి నుంచి ఒక్క తలుపూ కొట్టలేదు. నాకు ఏమీ అక్కర్లేదని అందరికీ చెబుతూ వచ్చాను. నిన్ను తలచుకుంటే గర్వంగా ఉంది. నలభై మడతలకు కాదు. ఆ తలుపు కొట్టినందుకు. ఇందాక మా గుమాస్తాకు చెప్పాను. ఆయన అడగలేదు. నేనే చెప్పాను, "మా బావమరిది" అని మొదలుపెట్టి. పది నిమిషాలు ఆపలేదట. "సార్, మీకు బావమరిది ఉన్నాడా?" అన్నాడు. ఇన్నేళ్ళూ నేను చెప్పలేదన్నమాట.

కోపం ఉండనీ. నాదీ ఇంకా కొంత ఉంది. రెండూ ఎదురెదురుగా కూర్చోగలవని కౌన్సెలర్ గారు ఫోన్లో అన్నారు. అవును, నేనే చేశాను ఫోను. వాక్యాలు కూడా మాట్లాడాను. బయటివాళ్ళకు కూడా అక్కడ వారానికొక గంట ఉంటుందట, ఇంట్లో మనిషి పోయినవాళ్ళకు. నా పేరు రాసుకోమన్నాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయను. చేత్తో ఇస్తాను. రేపటి తనిఖీలు ఇంకొకరికి అప్పగించాను. రేపు పొద్దున ఏడూ పదికి బస్సు ఎక్కుతాను. తొమ్మిదికి ముందే లోపలికి వస్తాను. మాస్టారి సంచీ తీసి ఆయన ఒళ్ళో పెట్టి, నీ పక్కన కూర్చుంటాను. నా వంతు వచ్చినప్పుడు, మీ అక్క పోయిన మంగళవారం పొద్దున పదింటికి నేను ఏం చేశానో అందరిముందూ పైకి చెబుతాను.

మీ బావ